గుప్పెడు సైన్యానికి ఇత్తడి బల్లేలు

మా నాన్న నన్ను కంసాలిని చేద్దామనుకున్నారు. నేను బ్యాంకు గుమాస్తానయ్యాను. అయినా సాయంత్రం ఇంటికొచ్చాక ఆయన పట్టెడ మీద, ఆయన సుత్తితోనే, గోరంత ఇత్తడి తీగముక్కల్ని సాగగొడుతూ కూర్చుంటాను. మొదటిసారి చూసినప్పుడు "ఏట్రా అవి, ముక్కుపుడకలా?" అన్నారు. "కాదు నాన్నా, బల్లేలు" అన్నాను. కాసేపు నా మొహంకేసి చూసి, కళ్లజోడు పెట్టుకుని, ఒక ముక్కని లైటు కిందకి పట్టుకెళ్లి, "మొన సీలిపోనాది. కాల్సకుండా కొట్టేవు" అన్నారు. ఇక్కడ రాస్తున్నదాంట్లో సగం ఆ ఒక్క మాటకి వివరణే.

నా సరదా ఏమిటో తెలియనివాళ్లకి రెండు ముక్కలు. అంగుళం పైచిలుకు ఎత్తుండే లోహపు బొమ్మ సైనికులకి, ప్లాస్టిక్ బొమ్మలకి రంగులేసి, దండులుగా నిలబెట్టి, పాచికలూ కొలబద్దా పట్టుకుని బల్ల మీద పాత యుద్ధాలు మళ్లీ ఆడతాం. ఆదివారం మధ్యాహ్నాలు విశాఖపట్నం అల్లిపురంలో మా భోజనాల బల్లే యుద్ధభూమి. సీతమ్మధార నుంచి ఒక పళ్ల డాక్టరు, మధురవాడ నుంచి ఇద్దరు ఇంజనీరింగ్ కుర్రాళ్లు వస్తారు. మూడు గంటలకి మొదలెడితే మా ఆవిడ రాత్రి వంటకి బల్ల ఖాళీ చేయమనేదాకా ఆట నడుస్తుంది. కొత్త బొమ్మలు ఎవరు తెచ్చినా నేను మొట్టమొదట చూసేది ముఖాలు కాదు, చేతిలో ఉన్న బల్లేలు. లోహపు బొమ్మకి పోతలోనే వచ్చిన బల్లెం రోకలిలా లావుగా ఉంటుంది, లేదా పెట్టె తెరిచేసరికే వంకాయ తొడిమలా వంగి ఉంటుంది. రెండుసార్లు సరిచేస్తే మూడోసారి చేతిలోకి ఊడొస్తుంది. గట్టి ప్లాస్టిక్ అయితే చొక్కా చెయ్యి తగిలినా పుటుక్కుమంటుంది. అందుకే బల్లెం మట్టుకు మనం చేసుకోవాలి.

ముందు తీగ కొనకండి. ముందు లెక్క వేయండి. పొడవు తప్పితే ఎంత అందంగా చేసినా ఆ సైనికుడు చేపల వేటకి వెళ్తున్నవాడిలా ఉంటాడు.

మేం ఆడేది ఎక్కువగా 28 మి.మీ. బొమ్మలతో. ఆ 28 అనేది అరికాలి నుంచి కంటి దాకా కొలత. మనిషికి కంటి ఎత్తు సుమారు 1.6 మీటర్లు అనుకుంటే, అసలులో ఒక మీటరు బొమ్మ దగ్గర 17.5 మి.మీ. అవుతుంది. ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలు. హాప్లైట్, అంటే డాలూ ఈటే పట్టిన గ్రీకు కాల్బలం సైనికుడు, పట్టే డోరు అనే ఈటె 2.4 మీటర్లనుకోండి, మీకు 42 మి.మీ. కావాలి. రోమన్లు విసిరే బరువైన ఈటె పైలం సుమారు 2 మీటర్లు, అంటే 35 మి.మీ., అందులో ముందున్న సన్నటి ఇనుప కడ్డీయే 10 మి.మీ. దాకా ఉంటుంది. విసిరే చిన్న ఈటెలకి 21 నుంచి 26. వెదురు కర్రతో చేసిన తొమ్మిది అడుగుల గుర్రపు రౌతు బల్లేనికి 48. అదే 15 మి.మీ. బొమ్మలైతే మీటరుకి 9.4, 1/72 (అసలులో 72వ వంతు) ప్లాస్టిక్ బొమ్మలైతే మీటరుకి 14 చొప్పున వేసుకోండి.

మాసిడోనియావాళ్లు రెండు చేతులా పట్టే పొడవాటి బల్లెం, సరిస్సా, దగ్గరికి వచ్చేసరికి అందరూ జంకుతారు. అలెగ్జాండర్ కాలంవాడైన గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ అతి పొడవైన సరిస్సా 12 మూరలని రాశాడు. నూటయాభై ఏళ్ల తరవాత చరిత్రకారుడు పాలిబియస్ తన కాలపుదాన్ని 14 మూరలన్నాడు. మన మూరా వాళ్ల మూరా దాదాపు ఒకటే, మోచేతి నుంచి వేలి కొస దాకా. మూరకి 45 సెంటీమీటర్లు వేసుకుంటే 5.4 మీటర్లు, 6.3 మీటర్లు. బొమ్మ దగ్గర 94, 110 మి.మీ. అంటే బొమ్మ ఎత్తుకి మూడు రెట్లు! మొదటిసారి 94 కత్తిరించి చేతికి ఆనించి చూసి, ఎక్కడో గుణకారం తప్పానని మళ్లీ లెక్కేసుకున్నాను. తప్పలేదు. అది అంతే. తగ్గించి 80 చేసుకునేవాళ్లున్నారు, పెట్టెలో పట్టాలి కాబట్టి నేనేమీ అనను. అరవై మాత్రం చేయకండి. అలెగ్జాండర్ చేతికి చీపురు ఇచ్చినట్టుంటుంది.

లావు సంగతి వేరు. అక్కడ లెక్కని నమ్మకూడదు. అసలు కర్ర 3 సెంటీమీటర్లు ఉంటే బొమ్మకి 0.5 మి.మీ. తీగ రావాలి. కానీ బొమ్మల చేతులు, తలలు అసలు కొలతకన్నా పెద్దగానే చెక్కి ఉంటాయి. ఆ పిడికిట్లో అర మిల్లీమీటరు తీగ పెడితే వెంట్రుక పట్టుకున్నట్టుంటుంది, రెండడుగుల దూరం నుంచి కనబడదు కూడా. 28 మి.మీ. బొమ్మకి 0.7 లేదా 0.8, సరిస్సాకి 0.9. అంతకు మించితే మళ్లీ రోకలే. పదిహేను మిల్లీమీటర్ల బొమ్మకి 0.5 చాలు.

ఇప్పుడు కొనుగోలు. కురుపాం మార్కెట్ చుట్టూ ఉన్న సందుల్లో కంసాలి పనిముట్లు, తీగలు అమ్మే కొట్లుంటాయి. అక్కడ మిల్లీమీటర్లు చెబితే కొట్టతను మిమ్మల్ని పైనుంచి కిందికి చూస్తాడు. గేజి చెప్పాలి. 20 గేజి అంటే 0.91 మి.మీ., 21 అంటే 0.81, 22 అంటే 0.71, 24 అంటే 0.56. అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుందని గుర్తుంచుకోండి, తిరగేసి అడిగి తాడులాంటి తీగ తెచ్చుకున్న అనుభవం నాకుంది. తూకం లెక్కన ఇస్తారు కాబట్టి వంద గ్రాములు తీసుకుంటే ఒక పూర్తి సైన్యానికి సరిపోయి మిగులుతుంది. రాగి ఇమ్మనకండి, మెత్తన. ఇత్తడే అడగండి. మా ఇంట్లో కమ్మచ్చు, అంటే తీగని సన్నగా లాగే బెజ్జాల పలక, ఉంది కాబట్టి నేను 20 గేజి ఒక్కటే తెచ్చి కావలసిన సన్నానికి లాక్కుంటాను. మీకా బాధ వద్దు.

ఇత్తడే ఎందుకని అడుగుతారు, ఇంట్లో గుండుసూదులున్నాయిగా అంటారు. ఇక్కడే నా గోడు వినాలి.

మొదట్లో నేనూ గుండుసూదులతోనే చేశాను. తిన్నగా ఉంటాయి, గట్టిగా ఉంటాయి, మొన తయారుగానే ఉంటుంది. నలభై మంది హాప్లైట్లకి తలలు కత్తిరించిన సూదులు పెట్టి, కర్రకి లేత గోధుమరంగు వేసి, బీరువా పైన అద్దాల పెట్టెలో పెట్టాను. జూలైలో వానలు పట్టాయి. ఆగస్టు చివర పెట్టె తీస్తే నలభై బల్లేలకీ చెమటకాయల్లా గోధుమరంగు చుక్కలు. గోకితే రంగు పొరలా లేచింది, కింద ఎర్రటి తుప్పు. మనది ఉప్పుగాలి ఊరు. బీచ్ రోడ్డులో మేడల కిటికీ చువ్వలు ఏమవుతున్నాయో రోజూ చూస్తూ కూడా ఆ తెలివి నాకు లేకపోయింది. దానికితోడు మనం వాడేవి నీళ్లతో కలిపే యాక్రిలిక్ రంగులు. వట్టి ఇనుము మీద తడి రంగు పూస్తే సముద్రం దాకా అక్కర్లేదు, ఆ నీళ్లకే తుప్పు మొదలవుతుంది. హైదరాబాదు మిత్రుడొకాయన నవ్వుతాడు, ఆయన సూదులు పదేళ్లయినా నల్లబడలేదట. ఆయనకి గండిపేట, మనకి బంగాళాఖాతం.

గిటారు తీగ ఇంకో ఆకర్షణ. గట్టి ఉక్కు, ఎంత వంచినా తిరిగి నిలబడుతుంది, సరిస్సాకి ఇంతకన్నా ఏం కావాలనిపిస్తుంది. సన్నటి తీగ పావు మిల్లీమీటరే, 15 మి.మీ. బొమ్మలకి కూడా పీలగా ఉంటుంది. లావుగా కనబడేవాటిలో చాలావాటికి పైన మరో తీగ చుట్టి ఉంటుంది, అవి పనికిరావు. కత్తిరిస్తే కటింగ్ ప్లేయర్ అంచుకి గాటు పడుతుంది. తెగిన ముక్క ఎటు ఎగురుతుందో తెలీదు. నాది కళ్లజోడు అద్దానికి తగిలి టింగుమంది. ఆ చిన్న గీత ఇంకా ఉంది. అప్పటినుంచీ ఏ తీగ కత్తిరించినా రెండో కొసని గుడ్డతోనో వేలితోనో పట్టుకునే కత్తిరిస్తాను, చత్వారం లేనివాళ్లు కూడా జోడు పెట్టుకుని కూర్చోండి.

ఉక్కే కావాలంటే తుప్పుపట్టని ఉక్కు ఒకటుంది. మా పళ్ల డాక్టరు చెప్పేదాకా నాకు తట్టలేదు. పళ్లు సరిచేసే క్లిప్పులకి వాడే స్టెయిన్‌లెస్ తీగ 0.7, 0.9 మి.మీ. లావుల్లో, తిన్నటి కడ్డీలుగా దొరుకుతుంది. డెంటల్ సామాన్లమ్మే కొట్లో అడగండి. వంపు సరిచేసే పనే లేదు. నా సరిస్సాలన్నీ దానివే. మొన సాగగొట్టడం మాత్రం దానితో కుదరదు, ఆకురాయితో అరగదీసి సూదిమొన చేసుకోవడమే. సరిస్సాకి మొన చిన్నదైనా చెల్లుతుంది కాబట్టి సరిపోయింది.

కొబ్బరి చీపురు పుల్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మా కుర్రాళ్లు దానితోనే మొదలెట్టారు, వాళ్ల అమ్మగారు చీపురు సన్నబడుతోందని గమనించేదాకా. ఈనె నిజానికి చెడ్డది కాదు. చివర సన్నగా, మొదలు లావుగా ఉండి అచ్చం కర్రలా కనిపిస్తుంది, రంగు కూడా వేయక్కర్లేదు. ఎండిన పాత చీపురు పుల్ల అయితే వంగదు. కానీ విరుగుతుంది, పైగా దానికి మొన విడిగా అతికించాలి. ఒక్క బొమ్మకి సరదాగా చేసుకోండి, దండుకి వద్దు. అగరబత్తి పుల్ల, పళ్లు కుట్టుకునే పుల్ల రెండూ లావే. రోడ్లు ఊడ్చే ప్లాస్టిక్ చీపురు పోగులు 1/72 మెత్తటి ప్లాస్టిక్ బొమ్మలకి బాగా నప్పుతాయి, పిల్లలు తొక్కినా లేచి నిలబడతాయి. కానీ రంగు పట్టించడం ఒక తలనొప్పి.

ఇక పనిలోకి దిగుదాం. చుట్టలో వచ్చిన తీగకి చుట్ట గుర్తు పోదు. వేళ్లతో తిన్నగా చేద్దామని చూడకండి, పాము పాకినట్టవుతుంది. రెండు మూడడుగుల ముక్క కత్తిరించి, ఒక కొసని కిటికీ చువ్వకో వైస్‌కో బిగించి, రెండో కొసని ప్లేయర్‌తో పట్టుకుని నెమ్మదిగా, గట్టిగా లాగండి. ఒకచోట తీగ చేతికింద కాస్త సాగినట్టు తెలుస్తుంది, పిండిలో వేలు దిగినట్టు. అక్కడ ఆపేయండి. వదిలి చూస్తే గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. పైగా ఆ లాగుడికి తీగ గట్టిపడుతుంది కూడా. ఇంట్లో డ్రిల్లింగ్ మెషిన్ ఉంటే ఒక కొస దానికి బిగించి, లాగి పట్టుకుని నిదానంగా తిప్పితే ఇంకా గట్టిపడుతుంది. తెగే దాకా తిప్పకండి, కొరడాలా వచ్చి తగులుతుంది.

తిన్నబడ్డ తీగని కావలసిన పొడవుకన్నా 3 మి.మీ. ఎక్కువగా ముక్కలు చేసుకోండి. అట్టముక్క మీద గీత గీసి దానికి ఆనించి కత్తిరిస్తే అన్నీ ఒకే కొలత వస్తాయి. నలభై ముక్కలకి నలభైసార్లు స్కేలు పట్టుకునేవాడు ముప్పయ్యోదానికి పక్కదారి పడతాడు.

ఇప్పుడు నాన్న మాట. ఇత్తడి కొట్టేకొద్దీ గట్టిపడుతుంది. గట్టిపడ్డాక ఇంకా కొడితే చీలుతుంది. మనం ఇప్పుడే లాగి గట్టిపరిచాం కాబట్టి, సాగగొట్టాల్సిన కొసని మాత్రం కాల్చి మెత్తబరచాలి. కర్ర భాగం గట్టిగానే ఉండాలి. అందుకని తీగని మొన నుంచి బొటనవేలు వెడల్పు దూరంలో ప్లేయర్‌తో పట్టుకోండి. ప్లేయర్ వేడిని లాగేసుకుంటుంది, వెనక భాగం మెత్తబడదు. వంటింటి గ్యాసు పొయ్యి సిమ్‌లో పెట్టి, వంటగది లైటు ఆర్పేసి, 5 మి.మీ. కొసని మంట అంచుకి చూపించండి. ఎర్రబడీ ఎర్రబడనట్టు, కుంకుడుగింజ నలుపులోంచి దానిమ్మ ఛాయ తొంగిచూసినట్టు కాగానే తీసేయాలి. ఇంత సన్నటి తీగకి రెండు మూడు లెక్కపెట్టేలోపే అయిపోతుంది. నారింజరంగు దాకా ఆగితే కొస ముద్ద కట్టి, గుండుసూది తల తయారవుతుంది. వెంటనే నీళ్లలో ముంచినా పరవాలేదు. ఉక్కుని అలా ముంచితే గట్టిపడుతుంది గాని ఇత్తడి మెత్తగానే ఉంటుంది. కంసాలి ఇళ్లలో చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతి ఇది. నేను బ్యాంకులో చేరి మరిచిపోయాను.

సాగగొట్టడానికి పట్టెడే ఉండాలని లేదు. ఇస్త్రీపెట్టెని తిరగేసినా పని జరుగుతుంది, అయితే పాతది, ఇనుపది తీసుకోండి. కొత్తదాని మీద కొడితే ఇంట్లో అసలు యుద్ధమే. సుత్తి ముఖం నున్నగా ఉండాలి, లేకపోతే దాని గరుకంతా మొన మీద అచ్చు పడుతుంది. 4 మి.మీ. కొసని అంచుకి లోపలగా పెట్టి, సుత్తి బరువుతోనే చిన్నచిన్నగా కొట్టండి. ఒక్క దెబ్బకి పెసరట్టు చేసేద్దామనుకోకండి. నాలుగు దెబ్బలు ఒక పక్క, తిప్పి నాలుగు ఇంకో పక్క. పక్కకి వంకర పోతుంటే తీగని నిలువుగా తిప్పి అంచు మీద ఒక్కటి తట్టండి, దారికొస్తుంది. 0.8 మి.మీ. తీగ 0.3 మందానికి వచ్చేసరికి వెడల్పు ఒకటిన్నర మిల్లీమీటర్లు అవుతుంది. బొమ్మ బల్లేనికి కావలసిన మొన వెడల్పు సరిగ్గా అంతే. నిజం బల్లెం మొనని లెక్కప్రకారం చిన్నది చేస్తే 0.8 దాటదు. కానీ కర్రని మనం లావు చేశాం కదా, మొన కూడా దానికి తగ్గట్టు పెరగాలి. లేకపోతే కర్రకీ మొనకీ తేడా తెలీక, ఎండలో ఆరేసిన ఇనుప చువ్వలా ఉంటుంది.

చీలిందా? చీలిక ఉన్నంతవరకు కత్తిరించేసి మళ్లీ కాల్చి కొట్టండి. మొదట్లో 3 మి.మీ. ఎక్కువ ఉంచుకోమన్నది ఇందుకే.

తరవాత ఆకురాయి. సన్నటి సూది ఆకురాయి, నున్నటి రకం. ముక్కని చేతి డ్రిల్లు కొసలో బిగించి పట్టుకుంటే వేళ్లు నొప్పెట్టవు. గీటు ఎప్పుడూ కర్రవైపు నుంచి మొనవైపుకే పోవాలి. వెనక్కి గీస్తే పలచటి ఇత్తడి లేచి మడతపడుతుంది. గ్రీకుల ఈటెకి, మన చాలా బల్లేలకి వడ్లగింజ ఆకారం తలుచుకోండి. మధ్యలో పొట్ట, రెండు కొసలా సన్నం. వెడల్పాటి దక్కను రకానికి లేత తమలపాకు. మొన మధ్యలో నిలువుగా ఉబ్బు కావాలంటే అరగదీయకముందే, మెత్తగా ఉన్నప్పుడే, బ్లేడు వెనకవైపుతో ఈనెకి ఇరుపక్కలా ఒక్కో గీత నొక్కండి. రంగేశాక ఆ గీతల్లో నీడ నిలిచి, మధ్య ఈనె లేచినట్టు కనిపిస్తుంది. హాప్లైట్లకైతే వెనక కొసని కూడా అరగదీసి చిన్న ములుకు చేయాలి. గ్రీకులు ఈటె అడుగున కంచు ములుకు వేసుకునేవారు, మొన విరిగితే తిరగేసి పొడవడానికి, నేలలో గుచ్చి నిలబెట్టడానికి.

మొన కొసని చివరలో రెండు గీట్లతో మొద్దు చేయండి. ఇది అందం కోసం కాదు. ట్రే ఎత్తబోయి అరచేతిలో మూడు దించుకున్నవాణ్ని చెబుతున్నాను.

ఇంత శ్రమ ప్రతి బొమ్మకీ అక్కర్లేదు. ముందు వరస, నాయకులు, గుర్రపు రౌతులు, వీళ్లకి చేయండి. వెనక వరసలకి కాల్చిన కొసని ప్లేయర్‌తో గట్టిగా నొక్కి, కటింగ్ ప్లేయర్‌తో రెండు పక్కలా ఏటవాలుగా కత్తిరిస్తే ఒక్కోదానికి అర నిమిషం. పదిహేను మిల్లీమీటర్ల బొమ్మలన్నింటికీ ఇదే పద్ధతి. నాన్నకి చూపించను, అంతే.

కాల్చిన చోట ఇత్తడి నల్లబడుతుంది. చింతపండు గుజ్జులో పావుగంట వేసి, పాత టూత్‌బ్రష్‌తో తోమి కడిగేయండి, పూజ గదిలో కుందులకి చేసినట్టే. ఉతికిన గుడ్డతో తుడిచి ఆరబెట్టాక వేలితో తాకకండి. చేతి జిడ్డు ఉంటే రంగు నిలవదు.

బల్లెం కన్నా చెయ్యి కష్టం. ఎక్కువ బొమ్మలు పాడయ్యేది ఇక్కడే. పోతలో వచ్చిన పాత బల్లేన్ని పిడికిలికి పైనా కిందా కత్తిరించేశాక, పిడికిలి మధ్యలోంచి బెజ్జం వేయాలి. ముందు సూదితో చిన్న గుంట చేయండి, లేకపోతే డ్రిల్లు జారి వేళ్లని కొరికేస్తుంది. తీగకన్నా ఒక పిసరు పెద్ద డ్రిల్లు, అంటే 0.8 తీగకి 0.9. పైనుంచి సగం, కింద నుంచి సగం వేసి మధ్యలో కలపండి. ఒకేవైపు నుంచి పోతే మణికట్టులోంచి బయటపడుతుంది. చేతి డ్రిల్లుతోనే, నెమ్మదిగా. కరెంటు డ్రిల్లు వేగానికి తగరం కరిగి అంటుకుంటుంది, ప్లాస్టిక్ జిగురవుతుంది. పాత లోహపు బొమ్మల్లో సీసం ఉంటుంది కాబట్టి కింద పాత పేపరు పరిచి, ఆ పొడిని మడిచి పారేసి, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే టీ. డ్రిల్లు వేలు పక్కన చీల్చుకుని బయటికొస్తే ఏడవకండి, ఎం-సీల్ ఉంది. రెండు ముద్దలూ సమానంగా పిసికి, నువ్వుగింజంత తీసుకుని వేలు పూడ్చి, తడి సూదితో కణుపులు దిద్దేయండి. అసలు బెజ్జమే వేయలేనంత చిన్న చెయ్యి అయితే పిడికిలి లోపలివైపు గాడి కోసి, తీగ ఆనించి, పైన ఎం-సీల్‌తో వేళ్లు కట్టండి.

అంటించడానికి ఫెవిక్విక్ అందరికీ తెలిసిందే. అది గాలిలో తడికే గట్టిపడుతుంది కాబట్టి మన ఊళ్లో తొందరగానే పట్టేస్తుంది, సరిచేసుకునే టైమివ్వదు. పైగా వానాకాలంలో చుట్టూ తెల్లటి బూడిదలా పొర కమ్ముతుంది. రంగు వేయకముందైతే పరవాలేదు. నాకు మాత్రం ఐదు నిమిషాల ఆరల్డైట్ ఇష్టం. పుల్లతో బెజ్జంలో చుక్క పెట్టి, తీగ దూర్చి, దండులో పక్కవాడి బల్లెంతో వాలు సరిపోయిందో లేదో చూసుకునే వ్యవధి ఉంటుంది. ఈ వాలే దండుకి ప్రాణం. సరిస్సాల దండులో మొదటి ఐదు వరసల మొనలు ముందుకి పొడుచుకొచ్చేవని, వెనకవాళ్లు పైకి ఏటవాలుగా ఎత్తి, వచ్చే బాణాలకి అడ్డుపెట్టేవారని పాలిబియస్ రాశాడు. బల్ల మీద ఐదు వరసలు దించితే ఎదుటివాడి దండు దగ్గరికి రాలేదు, ఆట ఆగిపోతుంది. రెండు దించి, మిగతావి మెల్లగా లేపుతూ పొండి.

కర్రకి రంగు. ముందు ప్రైమర్ తప్పదు, వట్టి ఇత్తడి మీద యాక్రిలిక్ గోటికి లేచిపోతుంది. స్ప్రే ప్రైమర్ జనవరి మధ్యాహ్నం మేడ మీద కొట్టుకోండి, ముసురు రోజున కొడితే పిండి చల్లినట్టు అవుతుంది. తరవాత ముదురు గోధుమరంగు, దాని మీద లేతది నిలువు గీతలుగా. మొనకి నలుపు కలిపిన వెండిరంగు, అంచుకి వట్టి వెండి. గ్రీకులకి, యూరపువాళ్లకి బూడిద ఛాయ ఉన్న లేత కర్ర రంగు నప్పుతుంది. మనవాళ్లకి వెదురు.

వెదురు దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే ఈ ఏడాదంతా నేను చేస్తున్నది అదే. మన్యంలో పెరిగే సాధనపు వెదురు లోపల బోలు లేకుండా దాదాపు గట్టిగా ఉంటుంది. బల్లేలకి అలాంటిదే కావాలి, బ్రిటిషు కాలంలో ఇండియా గుర్రపుదళాల బల్లేలూ గట్టి వెదురువే. బొమ్మకి ఆ ఛాయ తేవాలంటే కణుపులు కావాలి. అసలులో కణుపుకీ కణుపుకీ జానెడు పైన ఉంటుంది, బొమ్మకి 4, 5 మి.మీ. ఫెవికాల్‌ని పుల్ల కొసతో తీసి, తీగని వేళ్ల మధ్య తిప్పుతూ ఆనిస్తే సన్నటి ఉంగరం పడుతుంది. ఆరాక ఇంకోసారి. పసుపు కలిసిన గోధుమరంగు వేసి, ఉంగరం కింద సన్నగా ముదురు గీత. అన్ని కణుపులూ సమానదూరంలో పెట్టకండి, మొదట్లో దగ్గరగా, పైకి పోయేకొద్దీ ఎడంగా ఉండాలి. బల్లేనికి కట్టే చిన్న జెండాకి పల్చటి కాగితాన్ని నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో తడిపి చుట్టి, తడిగా ఉన్నప్పుడే అలలు పెట్టండి.

ఏ సైన్యమంటారా, బొబ్బిలి. 1757 జనవరి 24న జరిగిన యుద్ధానికి ఒకవైపు రంగారావు మనుషులు, ఇంకోవైపు పూసపాటి విజయరామరాజు దండు, వెనక ఫ్రెంచి బుస్సీ ఫిరంగులు. మనకి ఇంత దగ్గరలో ఇంత కథ పెట్టుకుని నేను ఇరవయ్యేళ్లు గ్రీకుల చుట్టూ తిరిగాను. ఆ తరవాత పద్మనాభం యుద్ధం, 1794 జూలై 10, అదీ ఉంది లైనులో. బొబ్బిలి బొమ్మలని పెట్టెలమీద రాసి ఎవరూ అమ్మరు కాబట్టి మొగలాయీ, మరాఠా కాల్బలం బొమ్మలు తెప్పించి తలపాగాలు ఎం-సీల్‌తో మార్చుకుంటున్నాను. బల్లెం పొడవుకి మనిషి ఎత్తు మీద ఒక మూర వేసి 38 మి.మీ. అనుకున్నాను, ఇది నా నిర్ణయం. మొన ఆకారాల కోసం బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియానికి వెళ్లి, పాత ఆయుధాలున్నచోట చిన్న పుస్తకంలో బొమ్మలు గీసుకున్నాను. మీరూ మీ సైన్యం ఏదైనా సరే, ఒక్కసారి అసలు ఇనుపమొనని కళ్లారా చూడండి. కంప్యూటర్‌లో బొమ్మ చూస్తే మందం తెలీదు.

అయిపోయిన బల్లేల్ని అగరబత్తీల గొట్టంలో దూది వేసి దాచుకోండి, డబ్బాలో పోస్తే మొనలు ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. బొమ్మలకి పెట్టాక అడుగున అయస్కాంతం అంటించి రేకు డబ్బాలో నిలబెట్టండి. సరిస్సాల డబ్బా లోపల కనీసం 12 సెంటీమీటర్ల ఎత్తుండాలి. నేను కొలవకుండా బిస్కట్ డబ్బా మూత నొక్కి పదహారు మందికి ఒకేసారి నమస్కారం పెట్టించాను.

బొబ్బిలికి 60 బల్లేలు కావాలి. నిన్నటికి 41 అయ్యాయి. ఆ నలభై ఒకటోది నాది కాదు. రాత్రి నేను పడుకున్నాక నాన్న ఎప్పుడు కూర్చున్నారో, పొద్దున పట్టెడ మీద కాగితం ముక్కలో చుట్టి పెట్టి ఉంది. మొన అడుగున, అర మిల్లీమీటరు కూడా లేనిచోట, రెండు చుట్లు వెండి తీగ. అది రంగారావు చేతికి.